సముద్రంలో ఆడుకునేవి కూడా ఆయనవే

విశాఖపట్నంలో డాల్ఫిన్ పేరు తెలియని వారుండరు. ఓడరేవు ముఖద్వారం పక్కనే సముద్రంలోకి మూతి చాచినట్టుండే కొండ డాల్ఫిన్ నోస్. ఊరికి వచ్చిన చుట్టాలకు చూపించే పాత హోటలు పేరు డాల్ఫిన్. జలాంతర్గాముల్లో పనిచేసే నావికులు ఛాతీ మీద ధరించే చిహ్నాన్నీ డాల్ఫిన్ అనే అంటారు. ఇన్ని డాల్ఫిన్ల మధ్య బతుకుతూ అసలు డాల్ఫిన్‌ను కళ్లతో చూసినవారు మన సంఘాల్లో ఎందరు? వేటకు వెళ్లే కుటుంబాలవారిని పక్కన పెడితే చాలామంది టీవీలోనే చూసి ఉంటారు. రుషికొండ, భీమిలి వైపు వేకువజామున పడవ దింపేవారికి మాత్రం అవి కొత్త కాదు. ఒడ్డుకు దగ్గరగా తిరిగే గూని వీపు డాల్ఫిన్లు, లోతు నీళ్లలో గుంపులుగా గెంతేవి, అన్నీ మన బంగాళాఖాతంలో ఉన్నవే.

ఈ వారం వాటి గురించి మాట్లాడాలనిపించింది. విశ్వాస పేజీలో డాల్ఫిన్లు ఏమిటని కొందరికి అనిపించవచ్చు. 104వ కీర్తన తెరిచి చూడండి.

సృష్టిని చూసి దేవుని స్తుతించే ఆ కీర్తనలో 26వ వచనం దగ్గర భక్తుడి చూపు సముద్రం మీదికి మళ్లుతుంది. అక్కడ అతనికి రెండు కనిపిస్తాయి. ఒకటి, నీటి మీద సాగిపోతున్న ఓడలు. రెండు, దేవుడు చేసిన ఒక పెద్ద జలచరం అదే నీటిలో ఆడుకుంటూ ఉండటం. రెండింటినీ ఒకే వచనంలో, ఒకే ఊపిరిలో చెప్పేశాడు. ఓడల మీద బతికే మన ఊరికి ఇంతకంటే దగ్గరి వచనం పరిశుద్ధ గ్రంథంలో ఉందో లేదో మాకు తెలియదు. అయినా దీని మీద ప్రసంగం విన్న జ్ఞాపకం మన సంఘాల్లో ఎవరికీ పెద్దగా ఉండదు.

ఆ జలచరాన్ని మన తెలుగు బైబిలు మకరం అంటుంది. హెబ్రీ మూలంలో అది లివ్యాతాన్. యోబు గ్రంథం 41వ అధ్యాయంలో మనిషి గాలానికి చిక్కని భయంకర జీవి అది. యెషయా 27వ అధ్యాయంలో దేవుడు తన ఖడ్గంతో శిక్షించే శత్రువు. ఈ కీర్తనలో మాత్రం అదే జీవి ఆడుకుంటోంది. లివ్యాతాన్ అంటే డాల్ఫిన్ అని మేము చెప్పబోవడం లేదు, అలాంటి వ్యాఖ్యానాలు చేసేవారు వేరే ఉన్నారు. ఆసక్తికరమైన సంగతి ఆ జీవి పేరులో కాదు, క్రియలో ఉంది. ఆడుకోవడం అని అనువదించిన ఆ హెబ్రీ మాట సామెతలు 8వ అధ్యాయంలోనూ వస్తుంది. లోకాన్ని చేస్తున్నప్పుడు జ్ఞానం దేవుని సన్నిధిలో ఆనందిస్తూ ఉందని చెప్పేచోట అది అదే మాట. జెకర్యా 8వ అధ్యాయంలో యెరూషలేము వీధుల్లో మగపిల్లలూ ఆడపిల్లలూ ఆడుకుంటారని ప్రవక్త చెప్పినప్పుడూ అదే మాట. పైగా కీర్తనలోని వాక్యాన్ని హెబ్రీలో రెండు రకాలుగా చదవవచ్చు. ఆ జీవి సముద్రంలో ఆడుకోవడానికి చేయబడిందనవచ్చు, దేవుడు దానితో ఆడుకోవడానికి చేశాడనీ అనవచ్చు. యూదు రబ్బీలు రెండో అర్థాన్ని పట్టుకున్నారు. దేవుడు దినంలో చివరి మూడు గంటలు లివ్యాతాన్‌తో ఆడుకుంటాడని తల్మూదులో ఒక మాట ఉంది. వేదాంత కళాశాలలో ఆ సంగతి చెబితే మేమంతా నవ్వుకున్నాం. నవ్వదగిన మాటే. కానీ మన ప్రార్థనలు విన్నవారెవరైనా దేవుడంటే పొద్దస్తమానం ఫైళ్ల మీద సంతకాలు పెట్టే పెద్ద అధికారి అనుకుంటే తప్పు వారిది కాదు.

ఇక డాల్ఫిన్ల విషయానికొద్దాం. ఓడ ముందు భాగం నీటిని నెట్టుకుంటూ పోయేటప్పుడు అక్కడ ఒక ఒత్తిడి అల పుడుతుంది. డాల్ఫిన్లు వచ్చి ఆ అల మీద ఎక్కి, తోక పెద్దగా ఆడించకుండానే ఓడతో పాటు దూసుకుపోతాయి. కొంతసేపు అలా పోయి, వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోతాయి. వాటికి అక్కడ తిండి దొరకదు. వెళ్లవలసిన చోటు కూడా అటువైపు ఉండనక్కర్లేదు. తల మీది ఊపిరి రంధ్రంతో గాలి బుడగల చక్రాలు వదిలి వాటి చుట్టూ తిరగడం, సముద్రపు పాచిని రెక్కకు తగిలించుకుని పక్కదానికి అందించడం, ఒడ్డున విరిగే అలల మీద జారడం, ఇవన్నీ శాస్త్రజ్ఞులు చూసి రాసినవే. స్పిన్నర్ అనే జాతి గాలిలోకి ఎగిరి బొంగరంలా గిర్రున తిరుగుతుంది. ఒంటికి అంటుకున్న చేపలను వదిలించుకోవడానికని కొందరు, తోటివాటికి సంకేతమని కొందరు అంటారు. అవీ నిజమే కావచ్చు. కానీ ఆ గెంతులు చూసినవారికి మొదట తోచే మాట ఆట అనే.

వాటి ఈలల సంగతి ఇంకా వింతగా ఉంటుంది. సీసా మూతి డాల్ఫిన్ పిల్ల పుట్టిన మొదటి ఏడాదిలోపే తనకంటూ ఒక ప్రత్యేకమైన ఈల తయారు చేసుకుంటుంది. ఆ ఈల దాని గుర్తు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టెఫనీ కింగ్, విన్సెంట్ జానిక్ 2013లో ప్రచురించిన పరిశోధనలో, ఒక డాల్ఫిన్ ఈలను అనుకరించి నీటిలో వినిపిస్తే ఆ డాల్ఫినే బదులు పలికిందని తేలింది. అదే ఏడాది జేసన్ బ్రక్ అనే పరిశోధకుడు, 20 ఏళ్ల కిందట విడిపోయిన తోటి డాల్ఫిన్ ఈలను కూడా అవి గుర్తుపడతాయని చూపించాడు. ఫ్లోరిడా తీరంలోని సరసోటా అఖాతంలో తల్లి డాల్ఫిన్లు పిల్ల పక్కన ఉన్నప్పుడు తమ ఈల స్వరాన్ని మార్చుకుంటాయని 2023లో వెల్లడైంది. మన తల్లులు చంటిపిల్లలతో మాట్లాడేటప్పుడు గొంతు మార్చినట్టే.

ఆదికాండం 2వ అధ్యాయంలో దేవుడు జంతువులనూ పక్షులనూ ఆదాము దగ్గరికి తెచ్చి వాటికి ఏ పేరు పెడతాడో చూశాడని మనం చదువుతాం. ఆ జాబితాలో నీటి జీవుల ప్రస్తావన లేదు. బైబిలు తరగతిలో ఎవరైనా కుర్రవాడు దీని గురించి అడిగితే ఇదివరకు నవ్వి ఊరుకునేవాళ్లం. ఇప్పుడైతే కాసేపు ఆగి ఆలోచిస్తాం. మనం డాల్ఫిన్ అని పిలవకముందే ఆ నీటిలో ఒకదాన్నొకటి పిలుచుకునే ప్రాణులున్నాయి. వాటిని చేసినవాడు వాటి పిలుపులను మనకంటే ముందు నుంచే వింటున్నాడు. మన పాలన, మన ఏలుబడి అని ఆదికాండం 1వ అధ్యాయం మీద మనం చేసే ప్రసంగాల్లో ఈ సంగతికి చోటు లేదు.

ఇక్కడ మాలాంటి బోధకులకు ఒక శోధన ఎదురవుతుంది. డాల్ఫిన్ నిద్రపోయేటప్పుడు మెదడులో సగమే నిద్రపోతుంది, మిగతా సగం మేలుకుని ఊపిరి సంగతి చూసుకుంటుంది అని చదవగానే 121వ కీర్తన మీద ప్రసంగం తయారైపోతుంది. 2008లో న్యూజీలాండ్‌లోని మాహియా తీరంలో రెండు చిన్న జాతి తిమింగలాలు ఇసుక తిన్నెల మధ్య చిక్కుకుంటే, మోకో అని అక్కడివారు పిలుచుకునే డాల్ఫిన్ వచ్చి వాటిని లోతు నీటికి దారి తీసింది. మంచి సమరయుని కథకు ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి? కానీ ఇదే జాతి డాల్ఫిన్లు స్కాట్లండ్ తీరంలో చిన్న పోర్పస్‌లను గుద్ది గుద్ది చంపడం 1990లలో బయటపడింది. తినడానికీ కాదు. తమ జాతి పిల్లలను కూడా చంపిన సందర్భాలున్నాయి. దాని మీద ప్రసంగం ఎవరు చేస్తారు? ఒక జీవిలో మనకు నచ్చిన ముక్కను కోసుకుని పులిపీఠం మీద పెట్టడం దాన్ని గౌరవించడం కాదు. రోమా పత్రిక 8వ అధ్యాయంలో సృష్టి అంతా మూలుగుతోందని అపొస్తలుడు రాసినప్పుడు డాల్ఫిన్లను మినహాయించలేదు. అవి దేవదూతలు కావు. మనకు నీతి నేర్పడానికి అవి సముద్రంలోకి రాలేదు.

మేము చెప్పదలచుకున్నది ఇదే. వాటి వల్ల మనకు ప్రయోజనం ఉన్నా లేకపోయినా అవి దేవునివి. ఇది వినడానికి తేలికగా ఉంటుంది. కానీ మన విశ్వాస జీవితంలో దీనికి ఎదురు గాలి బలంగా వీస్తోంది. ఆశీర్వాదం అంటే మనకు కలిసి రావడం అన్నంతవరకు వచ్చాం. వర్షం మన పొలానికి, ఎండ మన ధాన్యానికి, సముద్రం మన ఓడలకు. యోబు అంత శ్రమపడి దేవుని నిలదీసినప్పుడు దేవుడు ఇచ్చిన జవాబు ఏమిటి? 38వ అధ్యాయం నుంచి చదవండి. మనిషే లేని ఎడారిలో వాన కురిపించడం గురించి దేవుడు యోబును అడుగుతాడు. కాడికి లొంగని అడవి గాడిద, పొలం దున్నని అడవి ఎద్దు, గుడ్లను నేల మీద వదిలేసే నిప్పుకోడి, వీటి గురించి చెబుతాడు. వీటిలో ఏదీ యోబు కొట్టంలోకి వచ్చేది కాదు. ఆస్తి అంతా పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న మనిషికి, అతనికి ఎన్నడూ పనికిరాని జీవులను దేవుడు వరుసగా చూపించాడు.

మన ఊరు సముద్రాన్ని టన్నుల్లో లెక్కపెడుతుంది. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి రావడంతో ఈ ఓడరేవు పని మొదలైంది. 2023-24లో ఇక్కడ 8 కోట్ల టన్నులకు పైగా సరుకు ఎక్కింది, దిగింది. బొగ్గు, ఇనుప ఖనిజం, ఎరువులు, నూనె. ఉక్కు కర్మాగారం కొలిమి ఆరకుండా ఉండటానికి కావలసిన బొగ్గు సముద్రం మీదే వస్తుంది. ఈ లెక్కను చిన్నచూపు చూడటానికి మాకు మనసొప్పదు. మన సంఘాల్లో సగం ఇళ్లు ఆ జీతాల మీద నిలబడ్డవే, చందా సంచీలో పడే నోట్లలోనూ ఆ చెమట ఉంది. అసలు సువార్త ఈ ఊరికి వచ్చిందీ ఓడ మీదే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ సేవకులు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. కీర్తనాకారుడు కూడా ఓడలను తప్పుపట్టలేదు. స్తుతి పాటలోనే వాటికి చోటిచ్చాడు. కాకపోతే అక్కడితో ఆగలేదు. మనం వచనంలో మొదటి సగం చదివి పుస్తకం మూసేశాం.

రెండో సగానికి ఏమవుతోందో పత్రికలు చదివేవారికి తెలుసు. చనిపోయిన డాల్ఫిన్లు మన తీరానికి కొట్టుకొచ్చిన వార్తలు పలుమార్లు వచ్చాయి. డాల్ఫిన్ చేప కాదు, మనలాగే గాలి పీల్చే ప్రాణి. నీటిలో పరిచి ఉంచిన వలకు చిక్కుకుంటే పైకి రాలేదు. కొన్ని నిమిషాల్లో ఊపిరి అందక నీటిలోనే మునిగి చనిపోతుంది. అది లోకాన్ని తెలుసుకునేది శబ్దంతో. టిక్కుటిక్కుమని ధ్వనులు వదిలి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని కింది దవడ ద్వారా విని, ముందు ఏముందో గ్రహిస్తుంది. నీటిలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. పెద్ద ఓడల యంత్రాల హోరు నిండిన నీటిలో ఒకదాని పిలుపు ఇంకొకదానికి వినిపించడం కష్టమవుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అవి రక్షిత జీవులే. 2009లో గంగా నది డాల్ఫిన్‌ను జాతీయ జలచరంగా ప్రకటించారు. అయితే వలకు చట్టం చదవడం రాదు.

అలాగని పులిపీఠం ఎక్కి మత్స్యకారులను తప్పుపట్టేవారంటే మాకు గిట్టదు. సంఘంలోని ఒక పెద్దాయనను డాల్ఫిన్ల గురించి అడిగితే ఆయన అన్నాడు: "అయ్యగారూ, అయి ఆడతన్నాయంటే కింద సేప ఉన్నట్టే. మాకు దారి సూపిస్తాయి. అదే వల్లో పడిందనుకో, వల పోద్ది, ఆ రోజు కూలీ పోద్ది, అదీ పోద్ది. సచ్చిపోయిందాన్ని తీసి నీళ్లలో ఒదిలేత్తాం. ఆ రోజు అన్నం సయించదు." ఇందులో క్రూరత్వం ఎక్కడుంది? అప్పు చేసి కొన్న వల అది. డీజిల్ ధర, ఐసు ధర, హార్బరులో వేలం పాట, అన్నీ ఆయన చేతిలో లేనివే. ఇంట్లో కూర్చుని వంజరం ముక్క కిలో ఎంతని బేరమాడే మనకు ఆ డాల్ఫిన్ చావులో వాటా లేదా? కొన్ని దేశాల్లో డాల్ఫిన్లను దూరంగా ఉంచడానికి వలలకు శబ్దం చేసే చిన్న పరికరాలు కడుతున్నారు. అన్ని జాతుల మీదా అవి ఒకేలా పనిచేయవు. పనిచేసినా ఆ ఖర్చు పడవవాడి నెత్తినే వేస్తే న్యాయం కాదు. చేప తినే ఊరంతా మోయవలసిన ఖర్చు అది.

దారి చూపిస్తాయని పెద్దాయన అన్న మాట ఊరికే అన్నది కాదు. బ్రెజిల్‌లోని లగూనా అనే ఊళ్లో వంద ఏళ్లకు పైగా డాల్ఫిన్లూ జాలరులూ కలిసి వేటాడుతున్నారు. మోకాలి లోతు నీటిలో వలలు పట్టుకుని జాలరులు వరుసగా నిలబడతారు. డాల్ఫిన్లు చేపల గుంపును ఒడ్డువైపు తోలుకొస్తాయి. ఒక ప్రత్యేకమైన రీతిలో డాల్ఫిన్ నీటిలోకి మునగగానే వీళ్లు వల విసురుతారు. చెదిరిన చేపలు కొన్ని వలలో, కొన్ని డాల్ఫిన్ల నోట్లో పడతాయి. ఇద్దరికీ లాభం ఉందని 2023లో వచ్చిన పరిశోధన లెక్కలతో చూపించింది. మనకు దగ్గర్లోనే మయన్మార్‌లోని ఇరావతి నదిలోనూ ఇలాంటి స్నేహం ఉంది. తండ్రి కొడుక్కి వల నేర్పినట్టే అటు తల్లి డాల్ఫిన్ పిల్లకు నేర్పుతుంది. అయితే రెండుచోట్లా ఈ అలవాటు తగ్గిపోతోంది. చేప తగ్గితే స్నేహమూ తగ్గుతుంది.

ఇంకొక విషయం చెప్పాలి, ఎందుకంటే ఇందులో సంఘాలు పొరపాటు పడుతున్నాయి. 1998లో చెన్నై దగ్గర డాల్ఫిన్ల ప్రదర్శన కోసం బల్గేరియా నుంచి వాటిని తెప్పించారు. కొద్ది నెలల్లోనే అవి చనిపోయాయి. 2013 మే నెలలో కేంద్ర పర్యావరణ శాఖ, ఇలాంటి ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వవద్దని రాష్ట్రాలకు చెప్పింది. ఆ ఉత్తర్వులో ఒక మాట ఉంది. డాల్ఫిన్లను మానవులు కాని వ్యక్తులుగా చూడాలని, వాటికి తమవైన హక్కులు ఉండాలని పలువురు శాస్త్రజ్ఞులు సూచించారని. ఈ సంగతి తెలిసిన విశ్వాసులు కొందరు కంగారుపడ్డారు. దేవుని పోలికలో చేయబడినవాడు మనిషి ఒక్కడే కదా, జంతువును వ్యక్తి అంటే మనిషి విలువ పడిపోదా అని. మాకు ఆ భయం లేదు. దేవుని పోలిక అంటే మిగతావాటి మీద చేతికొచ్చినట్టు చేయడానికి లైసెన్సు అని ఆదికాండం ఎక్కడా చెప్పదు. నోవహుతో చేసిన నిబంధనలో ప్రతి జీవికీ పాలుందని 9వ అధ్యాయంలో దేవుడే మళ్లీ మళ్లీ చెబుతాడు. వ్యక్తి అన్న మాట సరైనదా కాదా అన్నది వేదాంతులు, న్యాయవాదులు తేల్చుకోనివ్వండి. ఈతకొలనులో బంధించి, బంతులాడించి, టికెట్ కొన్నవారికి చూపించేది మాత్రం ఆట కాదు. కీర్తన చెప్పిన ఆటకు సముద్రం కావాలి.

ఈ ఆట అన్న మాటను మన సంఘాలు పెద్దగా ఇష్టపడవు. మా తరంలో ఆటలు లోకసంబంధమైనవని పెంచారు. ఇప్పటి పిల్లలకు ఆ నిషేధం అక్కర్లేదు, ట్యూషన్లే ఆ పని చేస్తున్నాయి. ఏడాది మొత్తం మీద దేవుని మందిరంలో పిల్లలు గెంతడానికి అనుమతి ఉన్న రోజులంటే వేసవిలో వీబీఎస్ జరిగే పదిరోజులే.

ఆ వేసవిలోనే మన తూర్పు తీరంలో వేట నిషేధం వస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలు కదలకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నియమం అది. లేవీయకాండం 25వ అధ్యాయంలో భూమికి విశ్రాంతి సంవత్సరం ఉన్నట్టు, సముద్రానికి దొరికిన చిన్న సబ్బాతు అని మాకు అనిపిస్తుంది. కానీ మోషే ధర్మశాస్త్రంలో భూమికి విశ్రాంతి ఇమ్మన్న దేవుడు, ఆ ఏడాది పేదవాడు ఏం తినాలో కూడా చెప్పాడు. మన దగ్గర ప్రభుత్వ సాయం అందే లోపు బియ్యం డబ్బా అడుగంటిన ఇళ్లున్నాయి. సముద్రం విశ్రమించే ఖరీదు జాలరిపేట ఒక్కటే కట్టాలనడం ఏ ధర్మశాస్త్రంలోనూ లేదు.

ఒక చిన్న మాట ఇంకా ఉంది. సముద్రంలో బాప్తిస్మాలు ఇస్తాం. ఈస్టర్ నాడు తెల్లవారకముందే బీచ్‌లో ఆరాధన చేస్తాం. ఆ తర్వాత ఇసుకలో మిగిలే ప్లాస్టిక్ టీ గ్లాసులు ఏ సంఘానివో వాటి మీద రాసి ఉండదు. అవి నీటిలోకే పోతాయి.

వచ్చే ఏప్రిల్‌లో నిషేధానికి ముందు ఆదివారం 104వ కీర్తనను మొదటి వచనం నుంచి చివరి వరకు మా సంఘంలో చదవాలని పెద్దలతో కలిసి అనుకున్నాం. వేటకు వెళ్లే సహోదరులే చదువుతారు. ఆ రోజు కానుక ఆ 61 రోజుల కోసం పక్కన పెడతాం. 26వ వచనం చదవమని పైన చెప్పిన పెద్దాయనను అడిగాం. కళ్లజోడు మార్పించుకోవాలి, ఈలోగా మనవరాలి చేత చదివించుకుని కంఠతా పెడతానన్నాడు.